సెక్షనే కొట్టేశారు, కేసు పోయింది. మరి జైల్లో గడిపిన రోజులకు పరిహారం అడగొచ్చా?

పల్నాటి అన్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కేసు గురించి అడగాలి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

2014 అక్టోబరులో వాడు మా మండలంలో వేసిన ఒక రోడ్డు గురించి ఫేస్‌బుక్‌లో రాశాడు. బిల్లు మొత్తం డ్రా అయింది, రోడ్డు సగమే పడింది, మిగతా డబ్బు ఎటు పోయిందని ఒక లోకల్ నాయకుడి పేరు పెట్టి అడిగాడు. బూతు లేదు, కులం మాట లేదు, మతం మాట లేదు. ఆ రాత్రే ఇంటికొచ్చి తీసుకెళ్లారు. ఐటీ చట్టం 66ఎ కింద కేసు అన్నారు, అంటే ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెట్టడం నేరమనే సెక్షన్. మర్నాడు కోర్టులో హాజరు పెడితే రిమాండ్ పడింది. ఆ ఏడు దీపావళికి వాడు సబ్ జైల్లో ఉన్నాడు.

2015 మార్చిలో సుప్రీంకోర్టు 66ఎ కొట్టేసిందని పేపర్లో వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఇక కేసు పోయినట్టే అనుకున్నాం. పోలేదు. 2016లో చార్జిషీటు వేశారు. అందులో కూడా 66ఎ ఉంది. అప్పట్నుంచీ వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు. మస్కట్‌లో ఉద్యోగం ఖాయమైతే, కేసు పెండింగ్ ఉందని పాస్‌పోర్టు రెన్యువల్ ఆగి ఆ ఉద్యోగం చేజారిపోయింది. పెళ్లి సంబంధాలు కూడా ఇదే కారణంగా తప్పిపోయాయి. చివరికి అప్పు చేసి హైకోర్టుకు వెళ్తే, గత నవంబరులో కేసు మొత్తం క్వాష్ చేశారు, అంటే కొట్టేశారు.

నేను అడిగేది ఒక్కటే. ఆ చట్టమే చెల్లదని కోర్టు చెప్పింది. ఆ చెల్లని చట్టం కింద మావాడు జైలుకెళ్లాడు. దీనికి నష్టపరిహారం అడిగే హక్కు ఉందా లేదా? మా లాయర్ గారు "కేసు పోయింది కదా, సంతోషించండి" అన్నారు. మాకు సంతోషం కలగడం లేదు.

ఊరికే చదువరి

పైసా రాదు అన్నా. వదిలెయ్యండి. మళ్లీ వాళ్లతో పెట్టుకుంటే ఇంకో కేసు పెడతారు.

విశాఖ లా విద్యార్థి

వదిలెయ్యమని అంత సులువుగా ఎలా అంటారండీ? ఈ విషయంలో చట్టం అన్న గారి వైపే ఉంది.

66ఎ ను కొట్టేసిన శ్రేయా సింఘాల్ తీర్పు 2015 మార్చి 24న వచ్చింది. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు ఉన్నారు, తీర్పు రాసింది జస్టిస్ నారీమన్. ఆ సెక్షన్ 19వ అధికరణంలోని భావప్రకటన హక్కుకు విరుద్ధమని తేల్చారు. 13వ అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదు. ఎప్పట్నుంచి చెల్లదు అనే ప్రశ్నకు 2023 సెప్టెంబరు 11న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం సీబీఐ వర్సెస్ ఆర్.ఆర్. కిశోర్ కేసులో జవాబిచ్చింది. అలాంటి చట్టం పుట్టిన రోజు నుంచే లేనట్టు లెక్క అంది. తీర్పు వచ్చిన రోజు నుంచి మాత్రమే అని కాదు.

అంటే 66ఎ అమల్లోకి వచ్చిన 2009 అక్టోబరు నుంచే అది లేనట్టు. 2014లో మీ తమ్ముణ్ని పట్టుకెళ్లింది లేని నేరానికి. అది ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణం ఉల్లంఘన. అలాంటి ఉల్లంఘనకు రిట్ (హక్కు కాపాడమని హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే పిటిషన్) వేసి డబ్బు రూపంలో పరిహారం అడగొచ్చని 1983లో రుదుల్ షా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. నాకైతే ఇందులో అనుమానం కనపడటం లేదు.

కోర్టు మెట్లు

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. పై తమ్ముడు చెప్పిన తీర్పులన్నీ ఉన్నాయి, సరిగ్గానే చెప్పాడు. కానీ "చట్టం చెల్లదు" అనే దగ్గర్నుంచి "పరిహారం ఇవ్వాలి" అనే దాకా వెళ్లడానికి మన దేశంలో నేరుగా దారి లేదు. ఆ మాట మొదటే చెప్పకపోతే అన్న గారి డబ్బు ఇంకా ఖర్చవుతుంది.

రుదుల్ షా కేసు చూడండి. బిహార్‌లో ఆయన 1968 జూన్‌లో నిర్దోషిగా తేలాడు, 1982 అక్టోబరు దాకా జైల్లోనే ఉంచారు. పద్నాలుగేళ్లు. కోర్టు వదిలెయ్యమన్న మనిషిని అధికారులు వదల్లేదు. అక్కడ తప్పు అధికారుల చేతిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. 1993 నీలబతి బెహెరా కేసులో కస్టడీలో కుర్రాడు చనిపోయాడు, తల్లికి లక్షన్నర ఇప్పించారు. గూఢచర్యం కేసులో ఇరికించిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారికి 2018లో 50 లక్షలు ఇమ్మన్నారు, అక్కడ అరెస్టే అనవసరమని కోర్టు తేల్చింది. ఈ మూడింట్లోనూ అధికారులు చట్టాన్ని మీరారు.

మీ కేసులో ప్రభుత్వ లాయర్ ఏమంటాడో ఇప్పుడే చెప్పగలను. "2014లో ఆ సెక్షన్ పుస్తకంలో ఉంది. పార్లమెంటు చేసిన చట్టం. ఎస్సై దాన్ని అమలు చేశాడు, అందులో ఆయన తప్పేముంది?" అంటాడు. ఈ వాదన కోర్టుల్లో బాగా నిలబడుతుంది. చట్టం పుట్టుక నుంచే చెల్లదనే సూత్రం ముద్దాయిని శిక్ష నుంచి కాపాడటానికి పనికొచ్చినంతగా, పరిహారం రాబట్టడానికి పనికి రావడం లేదు. నేరం కాదని తేలినందుకు ముద్దాయికి ఇంత ఇవ్వాలి అని చెప్పే చట్టం మనకు ఒక్కటీ లేదు.

క్రిమినల్ ప్రొసీజర్‌లో అరెస్టుకు పరిహారం అనే సెక్షన్ ఒకటి ఉంది. పాత చట్టంలో 358, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 399. తగిన కారణం లేకుండా ఒకర్ని పోలీసులతో అరెస్టు చేయించిన మనిషి చేత మేజిస్ట్రేటు కట్టించగలిగేది గరిష్ఠంగా 1,000 రూపాయలు. ఇప్పటికీ అంతే.

అన్న గారూ, ఒక ప్రశ్న. ఒక్క 66ఎ మీద మీ తమ్ముడికి జైలు పడే అవకాశం లేదు. ఐటీ చట్టం 77బి ప్రకారం మూడేళ్ల శిక్ష ఉన్న నేరం బెయిలబుల్. 66ఎ శిక్ష మూడేళ్లే. స్టేషన్‌లోనే బెయిల్ ఇచ్చి పంపాలి. రిమాండ్ పడిందంటే ఇంకో సెక్షన్ ఏదో ఉండాలి. ఎఫ్‌ఐఆర్ తీసి చూడండి.

పల్నాటి అన్న

చూశాను మేడమ్. ఐపీసీ 505(2) అని ఉంది. ఇన్నాళ్లూ అందరూ 66ఎ కేసు, 66ఎ కేసు అనడం వల్ల నేను దీన్ని పట్టించుకోలేదు. హైకోర్టు ఆర్డర్‌లో దీని గురించి కూడా ఒక పేరా ఉంది. రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెంచే మాట పోస్టులో ఏదీ లేదు, ఎఫ్‌ఐఆర్ మొత్తం నిజమనుకున్నా ఈ నేరం కాదు అని రాశారు.

కోర్టు మెట్లు

మీ కేసు బలమంతా ఆ పేరాలోనే ఉంది.

505(2) అంటే మతం, కులం, భాష, ప్రాంతం లాంటి కారణాలతో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే మాటలు ప్రచారం చేయడం. అది నాన్‌బెయిలబుల్. దీనికి కనీసం రెండు వర్గాలు ఉండాలని, ఒక వర్గాన్నో ఒక మనిషినో విమర్శిస్తే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఆ కేసు పేరు బిలాల్ అహ్మద్ కాలూ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. రోడ్డు బిల్లు ఏమైందని ఒక నాయకుణ్ని అడిగితే అక్కడ రెండు వర్గాలు ఎక్కడున్నాయి?

2014 నాటికి ఆ తీర్పు వచ్చి పదిహేడేళ్లయింది. కాబట్టి 66ఎ విషయంలో "పుస్తకంలో ఉంది" అన్న మాట 505(2) కి పనికి రాదు. బెయిల్ ఇవ్వాల్సిన కేసులో జైలుకు పంపడానికే ఆ సెక్షన్ కలిపారని చూపించగలిగితే, నష్టపరిహారానికి పునాది దొరుకుతుంది. చచ్చిపోయిన సెక్షన్ మీద కంటే అప్పట్లో బతికున్న సెక్షన్‌ను వాడిన తీరు మీద మీరు గట్టిగా నిలబడగలరు.

ఇంకో సంగతి. మీవాడి అరెస్టు అక్టోబరు 2014. అంతకుముందు జూలై 2న అర్నేశ్ కుమార్ తీర్పు వచ్చింది. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దు, విచారణకు రమ్మని 41ఎ నోటీసు ఇవ్వండి, అరెస్టు చేస్తే ఎందుకో రాసి మేజిస్ట్రేటుకు ఇవ్వండి అని. మీకు నోటీసు ఇచ్చారా? రిమాండ్ రిపోర్టులో అరెస్టు కారణాలు ఏం రాశారు?

పల్నాటి అన్న

నోటీసు ఇవ్వలేదు. రాత్రి పదకొండింటికి జీపు వచ్చింది, అంతే. రిమాండ్ రిపోర్టు మా దగ్గర లేదు.

రిటైర్డ్ ఖాకీ

నేను పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తిట్టుకోండి, కానీ మా వైపు కూడా వినండి.

పార్లమెంటు చట్టం చేస్తుంది. దాని మీద ట్రైనింగ్ ఇస్తారు. ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టమని సుప్రీంకోర్టే చెప్పింది. ఎస్సై రాజ్యాంగం చదివి ఈ సెక్షన్ నిలబడదు, నేను కేసు కట్టను అంటే వాడి ఉద్యోగం ఉంటుందా? చట్టం చేసినవాళ్లను వదిలేసి స్టేషన్‌లో కూర్చున్నవాడి జీతంలోంచి పరిహారం ఇప్పించడం న్యాయం కాదు. పైగా రిమాండ్ వేసింది మేజిస్ట్రేటు. ఆయన చూసి సంతకం పెట్టాకే జైలు.

505(2) కలిపిన సంగతి మాత్రం నేను సమర్థించను. పైనుంచి ఫోన్ వస్తే లోపల వెయ్యడానికి ఒక నాన్‌బెయిలబుల్ సెక్షన్ చేర్చడం నేను చూశాను. అది జరగకూడదు.

పల్నాటి అన్న

సార్, మీరు నిజాయితీగా చెప్పినందుకు థ్యాంక్స్. ఆ ఎస్సై గారి జీతం మాకొద్దు. ఆయన ఎక్కడున్నారో కూడా మాకు తెలియదు. ప్రభుత్వం "పొరపాటు జరిగింది" అని ఒక కాగితం మీద రాసి, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. మా నాన్న ఊళ్లో తలెత్తుకుని తిరగడం మానేశారు. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక.

కోర్టు మెట్లు

ఖాకీ గారూ, పరిహారం ఆఫీసరు జేబులోంచి ఇప్పించడం కాదు, రాష్ట్రం ఇవ్వాలి. నీలబతి కేసులో చెప్పింది అదే. ప్రాథమిక హక్కు ఉల్లంఘనకు రాష్ట్రానిదే నేరు బాధ్యత, సార్వభౌమాధికారం పేరు చెప్పి తప్పించుకోలేదు.

దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో తండ్రీకొడుకులు విచారణ ఖైదీలుగా ఉన్నారు. అర్ధరాత్రి దాటాక కొందరు లోపలికి వచ్చి సెల్ మీద బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. ముందే ప్రాణభయం ఉందని పోలీసులకు చెప్పుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు ప్రభుత్వం మీద దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లి, 1964 నాటి కస్తూరీలాల్ తీర్పు చూపించి, ఇది సార్వభౌమ విధి, అంటే ప్రభుత్వం మాత్రమే చేయగల పాలన పని కాబట్టి దావా చెల్లదని వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 21వ అధికరణం ముందు ఆ రక్షణ పనిచేయదని చెప్పింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసు. తెలుగు నేల మీద సివిల్ దావా వేసే ప్రతి లాయరూ దీన్ని చదవాలి.

మేజిస్ట్రేటు రిమాండ్ గురించి మీరన్నది మాత్రం నిజమైన అడ్డంకి. "జైలుకు పంపింది న్యాయస్థానం, మేం కాదు" అని రాష్ట్రం తప్పకుండా అంటుంది. అందుకే రిమాండ్ రిపోర్టు కావాలి. అందులో పోలీసులు వాస్తవాలు దాచారా, లేని వర్గ ద్వేషాన్ని ఉన్నట్టు రాశారా అన్నది చూడాలి.

మిర్యాలగూడ మిల్లు

కొంచెం వేరే ప్రశ్న. మాది రైస్‌మిల్లు. పొగ, ఊక దుమ్ము విషయంలో ఎయిర్ యాక్ట్ కింద క్రిమినల్ కేసు నడుస్తోంది. ఇప్పుడు జన్ విశ్వాస్ చట్టంతో అది నేరం కాకుండా పెనాల్టీ మాత్రమే అయిందని మా ఆడిటర్ అంటున్నాడు. మరి నా కేసు పోయినట్టేనా? ఇన్నాళ్లు తిరిగినందుకు ఖర్చులు అడగొచ్చా?

విశాఖ లా విద్యార్థి

మిల్లు గారూ, మీదీ 66ఎ దీ ఒకటి కాదు. కోర్టు కొట్టేస్తే చట్టం పుట్టుక నుంచే లేనట్టు. పార్లమెంటు తనంతట తాను తీసేస్తే అలా కాదు. జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 6 ప్రకారం, కొత్త చట్టంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, పాత చట్టం ఉన్నప్పుడు చేసిన పనికి పాత బాధ్యత, పాత కేసు అలాగే ఉంటాయి.

జన్ విశ్వాస్ చట్టం 2023లో వచ్చింది, 42 చట్టాల్లోని 183 నిబంధనలను మార్చింది. ఎయిర్ యాక్ట్, పర్యావరణ పరిరక్షణ చట్టం మార్పులు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ ఘటన అంతకుముందుదైతే కేసు దానంతటది పోదు. కాకపోతే శిక్ష తగ్గించే మార్పును పాత ముద్దాయికి కూడా వర్తింపజేయొచ్చని సుప్రీంకోర్టు రతన్‌లాల్ కేసులో 1964లో, టి. బరాయ్ కేసులో 1982లో చెప్పింది. మీ లాయర్ ఆ దారిలో వాదించవచ్చు. పరిహారం మాత్రం వస్తుందనుకోవద్దు. చట్టం తప్పని ఎవరూ అనలేదు, విధానం మార్చుకున్నారు అంతే.

మిర్యాలగూడ మిల్లు

అర్థమైంది తమ్ముడూ. ఆడిటర్‌ను నమ్మి వాయిదా ఎగ్గొట్టేవాణ్ని. రేపే లాయర్‌ను కలుస్తా.

మూసీ తీరం

హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ సముదాయంతో పనిచేస్తాను. చట్టం పోయింది, మనుషులకు ఏం మిగిలింది అనే ప్రశ్న మాకు కొత్త కాదు.

నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో తెచ్చిన యునక్స్ యాక్ట్ తెలంగాణలో మొన్నమొన్నటి దాకా ఉంది. దాని ప్రకారం మా వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడవాళ్ల బట్టల్లో బహిరంగంగా కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైలు. మనిషి ఉనికే నేరం. 2018లో పిటిషన్ వేస్తే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అప్పటి చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్ గారి ధర్మాసనం. సమానత్వానికి, గౌరవంగా బతికే హక్కుకు విరుద్ధమని చాలా స్పష్టంగా రాశారు. అదే తీర్పులో ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇవ్వాలని ప్రభుత్వానికి చెప్పారు.

ఆ పింఛను మాకు పెద్ద విషయం. కానీ ఆ చట్టం భయంతో లాఠీ తిన్నవాళ్లకు, స్టేషన్ల ముందు రాత్రంతా కూర్చున్నవాళ్లకు విడిగా ఏ పరిహారమూ లేదు. వాళ్లలో చాలామంది తీర్పు రాకముందే పోయారు. అన్న గారూ, మీరు అడగడం మానొద్దు. ఎవరో ఒకరు అడిగితేనే రేపు ఒక దారి పడుతుంది.

రైన్ నది పక్కన

నేను జర్మనీలో ఉంటాను, ఊరు గుంటూరు దగ్గర. ఇక్కడ జరిగింది చెబుతాను, పనికొస్తుందేమో.

మగవాళ్ల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 175వ సెక్షన్ ఇక్కడ 1994 దాకా ఉంది. యుద్ధం తర్వాత కూడా పశ్చిమ జర్మనీలో వేలమందికి దాని కింద శిక్షలు పడ్డాయి. 2017లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలన్నీ రద్దు చేసింది. అంతటితో ఆగలేదు. ఒక్కో శిక్షకు 3,000 యూరోలు, జైల్లో మొదలైన ప్రతి ఏడాదికి 1,500 యూరోలు ఇస్తామంది.

మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఆ తర్వాతి అడుగు. 2019లో శిక్ష పడనివాళ్లను కూడా చేర్చారు. కేసు దర్యాప్తు జరిగి ఆగిపోయినా 500 యూరోలు, విచారణ ఖైదీగా జైల్లో ఉంటే మొదలైన ప్రతి ఏడాదికి 1,500, ఉద్యోగం లాంటివి పోయి అసాధారణ నష్టం జరిగితే ఇంకో 1,500. మొత్తాలు చిన్నవే. మావాళ్ల ఆఫీసులో ఒక పెద్దాయనకు ఆ ఉత్తరం వచ్చింది, ఫ్రేమ్ కట్టించుకున్నాడు. అన్న గారు నాన్నగారి చేతిలో పెట్టాలన్న కాగితం అలాంటిదే అనిపించింది.

అన్ని దేశాలూ ఇలా చేయలేదు. ఇంగ్లండ్ 2017లో క్షమాభిక్ష చట్టం చేసింది, పాత రికార్డులు తుడిచే పద్ధతి అంతకుముందే పెట్టింది, వాటితో డబ్బు మాత్రం ఇవ్వలేదు.

తూర్పు కనుమ

ఒక సందేహం. ఎవరికైనా పాత చట్టం కింద శిక్ష పడిపోయి, జరిమానా కట్టేసి ఉంటే? ఆ జరిమానా అయినా వెనక్కి వస్తుందా?

విశాఖ లా విద్యార్థి

మన దగ్గర కష్టం. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన ఐపీసీ 377 మీద 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా గారు విడిగా రాసిన భాగంలో, ముగిసిపోయిన కేసులను ఈ తీర్పుతో తిరగదోడకూడదు, విచారణలోనో అప్పీలులోనో రివిజన్‌లోనో ఉన్నవాటికే వాడుకోవాలి అని రాశారు. అమెరికాలో 2017లో నెల్సన్ వర్సెస్ కొలరాడో అనే కేసు ఉంది. శిక్ష రద్దయ్యాక వసూలు చేసిన జరిమానా, ఖర్చులు రాష్ట్రం తిరిగి ఇచ్చేయాలి, నిర్దోషినని మళ్లీ నిరూపించుకోమని అడగకూడదు అన్నారు. మనకు అంత సూటి తీర్పు కావాలి.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 2018 ఆగస్టులో లా కమిషన్ 277వ నివేదిక ఇచ్చింది. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం చట్టబద్ధమైన హక్కు కావాలి, దానికి ప్రత్యేక కోర్టులు పెట్టాలి, డబ్బుతో పాటు కౌన్సెలింగ్, ఉపాధి శిక్షణ లాంటి సాయం కూడా ఇవ్వాలి అని. బాగుంది. కానీ అందులో తప్పుడు కేసు అంటే దురుద్దేశంతోనో సద్బుద్ధి లేకుండానో పెట్టిన కేసు. చట్టమే చెల్లదని తేలి ముగిసిన కేసు అందులోకి రాదు. ఆ నివేదిక చట్టమైనా సరే, కేవలం 66ఎ మీదే కేసు నడిచినవాళ్లు బయటే ఉంటారు. అన్యాయమైన అరెస్టుకు పరిహారం హక్కుగా ఉండాలన్న అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు కూడా మన దేశం సరిగ్గా ఆ అంశం మీదే మినహాయింపు పెట్టుకుంది. ఇది మారాలి. చట్టసభ తప్పు చట్టం చేస్తే దాని ఖర్చు మొత్తం ఒక ఇంటి మీద పడటం నాకు అస్సలు న్యాయంగా అనిపించదు.

రిటైర్డ్ ఖాకీ

ఈ మాటతో ఏకీభవిస్తాను. చట్టం చేసినవాళ్లే బాధ్యత తీసుకోవాలి.

కోర్టు మెట్లు

ఇంకో ముఖ్యమైన విషయం మిగిలింది. 2016 చార్జిషీటు.

2014లో 66ఎ ఉంది, సరే. 2016లో లేదు. లేని సెక్షన్‌తో చార్జిషీటు వేస్తే దానికి "పుస్తకంలో ఉంది" అన్న సమర్థన చెల్లదు. దేశమంతటా ఇదే జరిగింది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ తీర్పు కాపీలను అన్ని హైకోర్టులకు, చీఫ్ సెక్రటరీలకు, వాళ్ల ద్వారా డీజీపీలకు పంపించింది. అయినా 2021లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ పదకొండు రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని చూపిస్తే జడ్జీలు దిగ్భ్రాంతి చెందారు. 2022 అక్టోబరు 12న ఎవరినీ 66ఎ కింద విచారించకూడదని, పెండింగ్ కేసుల్లోంచి ఆ సెక్షన్ తీసేయాలని ఆదేశించారు. వేరే సెక్షన్లు ఉంటే వాటి మీద కేసు నడవొచ్చన్నారు.

బెంగాల్‌లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర గారిది మీకు దగ్గరి కేసు. 2012 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి మీద ఒక కార్టూన్ ఈమెయిల్‌లో పంపారని అరెస్టు చేశారు. ఆ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 50,000 పరిహారం సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఇవ్వలేదు. 2015 మార్చిలో కలకత్తా హైకోర్టు ఇమ్మని ఆదేశించింది. గమనించండి, 66ఎ కొట్టేయడానికి కొద్ది రోజుల ముందు. అంటే ఆ పరిహారం సెక్షన్ పోయినందుకు కాదు, అరెస్టు చేసిన తీరుకు. ఆ తర్వాత కూడా ఆయన మీద కేసు నడిచింది. మిగతా సెక్షన్లు పోయి ఒక్క 66ఎ మిగిలింది, దాని నుంచి బయటపడేసరికి 2023 జనవరి వచ్చింది.

కాబట్టి మీరు అడగాల్సింది మూడు పనుల గురించి. 505(2) కలపడం, నోటీసు లేకుండా రాత్రి అరెస్టు, లేని సెక్షన్‌తో చార్జిషీటు. 66ఎ చెల్లదన్న మాట నేపథ్యంగా ఉండాలి, దాని మీదే భారం వేయొద్దు.

ఇక గడువులు. అక్రమ నిర్బంధానికి సివిల్ దావా, జైలు నుంచి విడుదలైన నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. అది ఎప్పుడో దాటిపోయింది. దురుద్దేశపూర్వక ప్రాసిక్యూషన్ దావాకు కూడా ఏడాదే, కానీ అది కేసు ముగిసిన నాటి నుంచి మొదలవుతుంది. లిమిటేషన్ యాక్ట్ 74వ ఆర్టికల్‌లో నిర్దోషిగా తేలినప్పుడు లేదా కేసు మరో విధంగా ముగిసినప్పుడు అని ఉంది. క్వాష్ అయినా సరిపోతుంది. గత నవంబరు అంటున్నారు కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి, ఆ కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. అయినా చివరి నెల దాకా ఆగకండి. ఫిర్యాదు చేసిన నాయకుణ్ని కూడా ప్రతివాదిగా పెట్టొచ్చు, కేసును కదిపింది ఆయనే అయితే.

దావాకు కోర్టు ఫీజు అడిగే మొత్తాన్ని బట్టి పడుతుంది. రిట్‌కు అంత ఖర్చు ఉండదు, కచ్చితమైన గడువు కూడా లేదు, కానీ ఆలస్యం చేస్తే అదే కారణంతో కొట్టేస్తారు. వాస్తవాల మీద వివాదం ఉంటే సివిల్ కోర్టుకు పొమ్మంటారు. ఆదాయ పరిమితిలోపు ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత లాయర్‌ను అడగండి.

పల్నాటి అన్న

మేడమ్, ఇన్నేళ్లలో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రాత్రి తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను. ముందు వద్దన్నాడు, మళ్లీ కోర్టు మెట్లు ఎక్కే ఓపిక లేదన్నాడు. 505(2) సంగతి చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే తనే ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

ఏయే కాగితాలు తీసుకోవాలో చెప్పండి. రిమాండ్ రిపోర్టు పన్నెండేళ్ల కిందటిదంటే దొరుకుతుందా అని భయంగా ఉంది.

కోర్టు మెట్లు

హైకోర్టు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ మొదట తీసుకోండి. తర్వాత కింది కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, రిమాండ్ ఆర్డర్, బెయిల్ ఆర్డర్, చార్జిషీటు, వాయిదాల డాకెట్ షీట్ అడగండి. రికార్డు రూముకు వెళ్లిపోయి ఉంటే కేసు నంబర్ రాసి అక్కడికి పెట్టాలి. పాత రికార్డు గడువు తీరాక నాశనం చేసేస్తారు, అందుకే ఈ వారమే వేయండి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా లోపల ఉన్నాడో జైలు నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. మస్కట్ ఆఫర్ లెటర్, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన ఉత్తరం, లాయర్ ఫీజు రసీదులు, అప్పు పత్రం అన్నీ ఒకచోట పెట్టండి. నష్టం ఎంతో చూపించేవి అవే.

ఆర్డర్ కాపీని స్టేషన్‌లోనూ ఎస్పీ ఆఫీసులోనూ ఇచ్చి, రికార్డులో కేసు ముగిసినట్టు నమోదు చేయమని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. రేపు పోలీస్ వెరిఫికేషన్‌లో మళ్లీ ఇదే కేసు బయటకు రాకుండా ఉంటుంది.

పల్నాటి అన్న

ఈ రోజే కింది కోర్టుకు వెళ్లి కాపీ అప్లికేషన్ వేశాను. ఫైలు రికార్డు రూములో ఉందట, నాశనం కాలేదన్నారు. రిమాండ్ రిపోర్టు అందులోనే ఉందని గుమస్తా గారు చెప్పారు. చేతికి రాగానే అరెస్టు కారణాలు ఏం రాశారో ఇక్కడే పెడతాను, పేర్లు తీసేసి.